చుక్క నిలవని చోటు: సాహిత్య బోధనలో డిజిటల్ పటం

వ్యాససంగ్రహం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు తెలుగు సాహిత్య చరిత్రలో ప్రధానులైన కవులకు, రచయితలకు, మౌఖిక సంప్రదాయాలకు నెలవులు. ఈ ప్రాంతపు తరగతి గదిలో డిజిటల్ పటాన్ని సాహిత్య బోధనకు సాధనంగా వాడినప్పుడు ఏ ప్రశ్నలు తలెత్తుతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పోతన అవతారిక, పాల్కురికి సోమనాథుని ద్విపద కావ్యాలు, దాశరథి సోదరుల రచనలు, మేడారం మౌఖిక సంప్రదాయం ఇందుకు ఉదాహరణలు. స్థలాన్ని కచ్చితంగా చూపడం కన్నా, చూపలేకపోవడానికి కారణం వెదికించడమే పటం చేయగల ప్రధాన బోధనాప్రయోజనమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాహిత్య బోధన, డిజిటల్ పటం, స్థలనామాలు, పోతన, పాల్కురికి సోమనాథుడు, దాశరథి సోదరులు, మేడారం, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల కళాశాలల్లో తెలుగు చదివే విద్యార్థులకు ఒక వసతి ఉంది. వారు చదివే పాఠాలలో కొన్ని వారి ఊళ్ళకు బస్సు దూరంలోనే పుట్టాయి. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి జనగామ జిల్లాలో ఒకే మండలంలో ఉన్నాయి. దాశరథి కృష్ణమాచార్య (1925–1987), దాశరథి రంగాచార్య (1928–2015) పుట్టిన చిన్నగూడూరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తొలినాటి తెలుగు గద్యానికి నిదర్శనంగా పరిశోధకులు చూపే 10వ శతాబ్ది కొరవి శాసనపు ఊరు ఆ జిల్లాలోని నేటి కురవి. త్రిలింగ క్షేత్రాలలో ఒకటైన కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట వెలసింది.

ఇంత దగ్గరి సంగతి తరగతి గదిలోకి వచ్చేసరికి కవిపరిచయంలో ఒక వాక్యంగా కుదించుకుపోతుంది. ‘జన్మస్థలం’ అన్న ఆ వాక్యం పరీక్షలో ఒక మార్కు తెచ్చిపెడుతుంది. కవి ఎక్కడివాడో తెలుస్తుంది గాని, ఆ కావ్యం ఏ దారుల్లో నడిచిందో, అందులోని ఊళ్ళకూ నదులకూ విద్యార్థి ఎరిగిన నేలతో ఏ సంబంధం ఉందో తెలియదు. పాలకుర్తి బస్టాండులో బస్సెక్కి కళాశాలకు వచ్చే విద్యార్థి పాల్కురికి సోమనాథుణ్ణి ఎక్కడో దూరదేశపు కవిగా చదివి వెళ్ళడం అసాధ్యమేమీ కాదు.

నేడు విద్యార్థుల చేతిలోని ఫోనులో పటం ఉంది. దారి వెదకడానికి దానిని రోజూ వాడుతున్నారు. ఆ పటాన్నే కావ్యపఠనానికి వాడవచ్చునన్న ఆలోచన సహజంగానే అధ్యాపకులను ఆకర్షిస్తుంది. అయితే కవుల ఊళ్ళ మీద రంగురంగుల చుక్కలు పెట్టి, ప్రతి చుక్కకు ఒక ఛాయాచిత్రం జోడించి ముగిస్తే, కవిపరిచయంలోని ఆ ఒక్క వాక్యమే తెర మీదికి మారుతుంది. అంతకు మించి జరిగేది తక్కువ. పటం మీద చుక్క సులువుగా నిలిచిన చోట పాఠం పెద్దగా ముందుకు సాగదు. చుక్క నిలవక జారిన చోట మాత్రం విద్యార్థి మళ్ళీ మూలపాఠానికి వెళ్ళవలసి వస్తుంది. బోధనాసాధనంగా డిజిటల్ పటం విలువ ఈ రెండవ సందర్భంలోనే ఉంది.

2. ‘పటం’ అన్న మాట

సాహిత్యాన్ని పటంతో కలిపి చదవడం అన్నప్పుడు ఇటీవలి విమర్శలో ముందుగా వినిపించే పేరు ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టిది. 1990ల చివర వెలువడిన ఆయన గ్రంథం ఐరోపా నవలల్లోని స్థలాలను పటాలుగా గీసి, పటం పుస్తకానికి అలంకారం కాదనీ, అది విశ్లేషణ సాధనమనీ వాదించింది. కథలోని స్థలాలను కథనం నుంచి విడదీసి ఒకచోట చేర్చినప్పుడు, చదువుతున్నప్పుడు కంటికి ఆనని అమరిక బయటపడుతుందన్నది ఆ వాదానికి ఆధారం.

అయితే ఈ ప్రాంతపు విద్యార్థికి ‘పటం’ కొత్త మాట కాదు. జనగామకు పొరుగునున్న చేర్యాల నకాషీ చిత్రకారులు బట్ట మీద గీసే కథల చుట్టకు పేరు పటమే. డక్కలివారు జాంబపురాణానికి, గౌడజెట్టీలు గౌడపురాణానికి, కాకిపడగలవారు భారతకథలకు అటువంటి పటాన్ని నిలబెట్టి, ఒక్కొక్క చిత్రాన్నీ చూపుతూ కథ చెబుతారు. ఆ పటంలో దిక్కులు లేవు, కొలమానం లేదు, క్రమం ఉంది. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుందన్నదే దాని భూగోళం. డిజిటల్ పటంలో కొలమానం ఉంది, దిక్కులు ఉన్నాయి. కథాక్రమం మాత్రం దానంతట అది రాదు. ఈ రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి బోధన మొదలుపెట్టిన తరగతిలో కొత్త సాధనం ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వలేదో మొదటి గంటలోనే స్పష్టమవుతుంది.

తెలుగు రచనల్లోనూ దారిని కథనసూత్రంగా చేసుకొన్నవి ఉన్నాయి. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవే కావ్యవస్తువు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర 1830–31 నాటి ప్రయాణాన్ని మజిలీ మజిలీకీ నమోదు చేసింది. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శ్రీశైల యాత్రికుల నడకతో, పాటలతో నిండి ఉంటుంది. ఇటువంటి రచనలను పటం మీదికి తేవడం తేలిక. అవి ముందే దారిని అనుసరించి రాసినవి. కష్టమైనవి తక్కినవి. ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలించేది ఆ కష్టమైనవాటినే.

3. పనిముట్లు, పట్టిక

గ్రామీణ కళాశాలలో వాడదగిన సాధనాలు నాలుగైదు ఉన్నాయి. గూగుల్ మై మ్యాప్స్‌లో తెలుగు లిపిలోనే పేర్లు రాయవచ్చు. ఒక పటంలో పది పొరల వరకు చేర్చవచ్చు. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ భారతీయ ఉపగ్రహ చిత్రాలను అందిస్తుంది. 2004లో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఎవరైనా స్థలనామాన్ని చేర్చవచ్చు, తెలుగు పేరును విడిగా నమోదు చేయవచ్చు. క్యూజీఐఎస్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. నేర్చుకోవడానికి కొంత సమయం పట్టినా, చుక్కలతో పాటు ప్రదేశాల విస్తీర్ణాన్ని, సందిగ్ధతను రంగుల తేడాతో చూపడానికి అది ఎక్కువ అనుకూలం.

పనిముట్టు ఏదైనా, పని మొదలు కావలసింది కాగితం మీది పట్టికతో. మూలపాఠంలోని మాట, అది వచ్చిన ఘట్టం, నేటి పేరు, అక్షాంశ రేఖాంశాలు, ఆ గుర్తింపుకు ఆధారం, నిశ్చయత అన్న ఆరు గళ్ళు అందులో ఉంటే చాలు. చివరి గడిలో నిశ్చితం, సంభావ్యం, సంప్రదాయం, కల్పితం అన్న నాలుగింటిలో ఒకటి రాయాలి. విద్యార్థి ఎక్కువసేపు ఆగేది ఆధారం, నిశ్చయత గళ్ళ దగ్గరే. అక్కడ ఆగడమే సాహిత్యాధ్యయనం.

అక్షాంశ రేఖాంశాల గడి కూడా ఒక పాఠం చెబుతుంది. దశాంశ బిందువు తర్వాత ఒక అంకె రాస్తే అక్షాంశంలో సుమారు 11 కిలోమీటర్ల కచ్చితత్వం. ఐదు అంకెలు రాస్తే సుమారు ఒక మీటరు. ఫోనులోని పటం ఎప్పుడూ ఐదారు అంకెలు చూపుతుంది. శతాబ్దాల నాటి కవి విషయంలో ఏ ప్రాంతమో తేలని స్థలాన్ని మీటరు కచ్చితత్వంతో గుచ్చితే, సాధనం పలికేది అసత్యం. ఎన్ని అంకెలు రాయడానికి తనకు ఆధారం ఉందో విద్యార్థి ముందుగా తేల్చుకోవాలి.

4. జనగామ: పోతన గంగ ఏది?

భాగవత అవతారికలో పోతన తన కథ తానే చెప్పుకొన్నాడు. చంద్రగ్రహణం నాడు గంగకు వెళ్ళి, స్నానం చేసి, ఇసుకతిన్నె మీద ధ్యానంలో ఉండగా రామభద్రుడు కనిపించి భాగవతం తెనిగించమన్నాడు. కవి ఏకశిలానగరానికి తిరిగివచ్చి పని మొదలుపెట్టాడు. విద్యార్థులకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే ఇది. పటం మీద పెట్టమన్నప్పుడే ఇందులోని చిక్కు కనిపిస్తుంది.

మొదటి చిక్కు ఏకశిలానగరం. అది ఓరుగల్లుకు సంస్కృతీకరించిన పేరనీ, కవి బమ్మెరవాడనీ ఒక వాదం. కడప జిల్లాలోని ఒంటిమిట్టే ఏకశిలానగరమని మరొక వాదం. పండితలోకంలో సుదీర్ఘంగా సాగిన ఈ చర్చను తరగతిలో సాధారణంగా పేర్ల జాబితాగా, ఎవరు ఏ పక్షమో చెప్పి ముగిస్తారు. జనగామ విద్యార్థికి అందులో పక్షం ముందే నిర్ణయమై ఉంటుంది. పటం ఆ పక్షపాతాన్ని కాసేపు పక్కన పెట్టించగలదు. రెండు చోట్లా చుక్క పెట్టి, ఒక్కొక్క చుక్క నుంచి ‘గంగ’కు దారి గీయమంటే, వాదం జన్మస్థలం మీది అభిమానం నుంచి మూలంలోని మాటల మీదికి మళ్ళుతుంది.

రెండవ చిక్కు గంగ. అది కాశీ గంగ అయితే, ఓరుగల్లు నుంచైనా ఒంటిమిట్ట నుంచైనా గ్రహణస్నానానికి వెళ్ళిరావడం నెలల ప్రయాణం. గంగ అంటే పుణ్యజలమన్న సామాన్యార్థమైతే, రెండు చోట్లకూ సమీపంలోని ఏ నీరైనా సరిపోతుంది. ఒంటిమిట్ట పక్షాన పెన్నను తలచుకోవచ్చు. మూడవ అవకాశం గోదావరి. ఉత్తర తెలంగాణలో గోదావరిని గంగ అనడం నేటికీ ఉన్న వాడుక. గోదావరి ఒడ్డు మండలాల నుంచి భూపాలపల్లి కళాశాలకు వచ్చే విద్యార్థికి ఈ సంగతి చెప్పడానికి పుస్తకం అక్కరలేదు. ఇంట్లో విన్న మాట చాలు. ఓరుగల్లు నుంచి కాళేశ్వరం దగ్గరి గోదావరి వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. కాలినడకన నాలుగైదు రోజుల పని. గ్రహణానికి ముందుగా బయలుదేరే యాత్రికుడికి అసాధ్యం కాదు.

ఈ లెక్క వల్ల పోతన ఏ ఊరివాడో తేలిపోదు. వాడుక నేటిది, దానిని పోతన కాలానికి నేరుగా అన్వయించాలంటే ఆ కాలపు ఆధారం కావాలి. కాని తరగతిలో మూడు మార్పులు వచ్చాయి. అవతారికను మాట మాటగా చదవవలసి వచ్చింది. వాదానికి రెండు పక్షాలూ ఒకే పరీక్షకు నిలబడ్డాయి. అన్నిటికంటె ముఖ్యంగా, ‘గ్రామ్యం’ అని పరీక్షల్లో కొట్టివేయించుకొనే తన ఇంటి మాటను విద్యార్థి కావ్యార్థ నిర్ణయంలో సాక్ష్యంగా ముందు పెట్టగలిగాడు. సాక్ష్యం చాలదని తేలినా, దానిని సాక్ష్యంగానే తూచారు. ఈ జిల్లాల తరగతి గదికి ఇది చిన్న విషయం కాదు.

పటం మీద అసలే నిలవని స్థలం కూడా భాగవతంలోనే ఉంది. గజేంద్రమోక్షణంలోని త్రికూట పర్వతం పాలసముద్రం మధ్యది. పట్టికలో ‘కల్పితం’ అని రాసి వదలివేయవచ్చు. కాని ఆ పర్వత వర్ణనలోని చెట్లను, మృగాలను వరుసగా రాయమంటే, తమ ఊరి అడవిలోని చెట్లను విద్యార్థులు గుర్తుపడతారు. ఎరుగని వాటిని అడిగి తెలుసుకొంటారు. పౌరాణిక స్థలానికి అక్షాంశం లేదు, కాని దానిని తెలుగులో నింపిన మాటలకు నేల ఉంది. ఈ తేడా పటం చూపలేదు. చూపలేనితనాన్ని గమనించమని మాత్రం అడుగుతుంది.

5. పాలకుర్తి నుంచి దూరంగా

పోతన విషయంలో పటం ఒక ప్రశ్నను తెరిస్తే, సోమనాథుని విషయంలో ఒక అమరికను చూపుతుంది. బసవపురాణంలోని స్థలాలను పట్టికలో చేర్చి పటం మీదికి తెస్తే, చుక్కలలో అధికభాగం పాలకుర్తి చుట్టూ పడవు. బసవేశ్వరుని కథ కల్యాణం, కూడలిసంగమం వైపు నడుస్తుంది. కన్నప్ప శ్రీకాళహస్తికి, సిరియాళుడు కంచికి తీసుకుపోతారు. జానుతెనుగును నెత్తికెత్తుకొన్న కవి రాసిన కావ్యపు ప్రపంచం కన్నడ, తమిళ దేశాల మీదుగా పరచుకొని ఉంది.

పాలకుర్తిలో సోమనాథుణ్ణి ‘మన కవి’గా మాత్రమే విన్న విద్యార్థికి ఇది ఆశ్చర్యం. ఆశ్చర్యం నుంచి ప్రశ్న పుడుతుంది: ఇన్ని దేశాల భక్తుల కథలు కాకతీయుల నాటి తెలుగు కవికి ఎలా చేరాయి? జంగమాల సంచారం, శ్రీశైలం వంటి క్షేత్రాల్లో వివిధ దేశాల యాత్రికుల కలయిక, నోటి మాటగా నడిచిన భక్తగాథలు – వీటి గురించి అధ్యాపకుడు చెప్పబోయేది ఇప్పుడు సమాధానంగా వస్తుంది. అడగని ప్రశ్నకు ఉపన్యాసంగా రాదు. దేశికవితకు స్థానికత అంటే ఒకే చోట ఉండిపోవడం కాదన్న నిర్ణయానికి విద్యార్థి తన పట్టిక ద్వారానే వస్తాడు.

ఇదే పాలకుర్తి మండలం మరొక పొరను కోరుతుంది. విస్నూరు దేశముఖ్‌ను ఎదిరించి తన పంటను కాపాడుకొన్న చాకలి ఐలమ్మ పాలకుర్తి మనిషి. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య అమరుడైన కడవెండి ఇక్కడికి పొరుగునే. ద్విపద కావ్యం, భాగవతం, సాయుధపోరాట పాటలు, జ్ఞాపకాలు ఇంత చిన్న నేల మీద ఒకదానిపై ఒకటి పేరుకొన్నాయి. పొరలను ఒక్కొక్కటిగా తెరిచి మూసే వీలు డిజిటల్ పటానికి ఉంది. అయితే పోరాటపు పొరను వెదికే విద్యార్థి ‘నల్లగొండ జిల్లా’ అని రాసిన పుస్తకాలను చూడాలి. ఆ రోజుల్లో జనగామ ఆ జిల్లాలో తాలూకా. ఈ సంగతి తెలియకపోతే తన ఊరి చరిత్ర తనకు గ్రంథాలయంలో దొరకదు.

6. మహబూబాబాద్: చుక్కకు కాలం లేదు

దాశరథి సోదరుల ఆత్మకథల పేర్లు ‘యాత్రాస్మృతి’, ‘జీవనయానం’. రెంటిలోనూ ప్రయాణం ఉంది. ఒకే ఊళ్ళో మొదలైన రెండు జీవితాలను రెండు రంగుల గీతలుగా గీయడం తరగతికి ఇష్టమైన అభ్యాసం కాగలదు. గీయడం పూర్తయ్యాక అధ్యాపకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: కృష్ణమాచార్య గీత మీద ఖమ్మం చుక్కకూ, నిజామాబాదు చుక్కకూ తేడా ఏమిటి?

ఖమ్మం చదువుకొన్న ఊరు. నిజామాబాదు నిజాం ప్రభుత్వం నిర్బంధించిన జైలు. వట్టికోట ఆళ్వారుస్వామి సహవాసం దొరికిన చోటు, గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన చోటు. పటంలో రెండు చుక్కలూ ఒకే పరిమాణంలో, ఒకే ఆకారంలో ఉంటాయి. ఇష్టపడి వెళ్ళిన ఊరికీ, బంధించి తీసుకుపోయిన ఊరికీ, ఒక రాత్రి ఆగిన రైల్వే స్టేషనుకూ, నెలల తరబడి గడిపిన గదికీ పటానికి తేడా తెలియదు. చుక్కకు కాలం లేదు, ఇచ్ఛ లేదు. ఆ తేడాను విద్యార్థే చుక్కకు జతచేసే వ్యాఖ్యలో రాయాలి. ఆ నాలుగు వాక్యాల వ్యాఖ్య రాయడానికి ఆత్మకథను చదవాలి, ‘అగ్నిధార’ను మళ్ళీ తెరవాలి.

రంగాచార్య నవలల దగ్గర మరొక జాగ్రత్త అవసరం. ‘చిల్లరదేవుళ్ళు’ లోని ఊరిని చిన్నగూడూరు మీద గుచ్చాలన్న ఉత్సాహం సహజం. రచయిత పుట్టిన ఊరు, రచయిత సృష్టించిన ఊరు ఒకటే అనుకోవడం నవలను సాక్ష్యపత్రంగా కుదిస్తుంది. ఈ సందర్భంలో ఉపగ్రహ చిత్రం కన్నా తెల్లకాగితం మేలు. నవలలోని గడిని మధ్యలో గీసి, మిగిలిన ఇళ్ళను, వాడలను, పొలాలను పాత్రల రాకపోకలను బట్టి దాని చుట్టూ అమర్చాలి. ఎవరు గడిలోకి నేరుగా వెళ్ళగలరు, ఎవరు వాకిట ఆగిపోతారు, ఎవరు పిలిస్తేనే వస్తారు – ఇవే ఆ పటంలో దూరాలు. మీటర్లలో పక్కపక్కనున్న రెండు ఇళ్ళు ఈ పటంలో చాలా దూరం కావచ్చు. ఆ దూరాన్ని ఏ యంత్రమూ కొలవలేదు.

మహబూబాబాద్ జిల్లాలో ఇంకొక లోటు కళ్ళెదుటే ఉంటుంది. ఇక్కడి విద్యార్థులలో చాలామంది లంబాడీ తండాల నుంచి, కోయగూడేల నుంచి వస్తారు. ‘మీ ఊరిని పటంలో చూపండి’ అన్నప్పుడు కొందరి ఊరు పేరు తెర మీద ఉండదు. పైకప్పులు కనిపిస్తాయి, పేరు కనిపించదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు, గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి గాని, పటాలన్నీ ఆ మార్పును అందుకోలేదు. తన ఊరి పేరు తానే తెలుగు లిపిలో చేర్చవచ్చునని తెలిసినప్పుడు, సాహిత్యం తరగతి ఆ విద్యార్థికి కొత్తగా మొదలవుతుంది. పేరు చేర్చాక ఆ తండా పాటను, తీజ్ పండుగ కథను ఆ చుక్కకు జతచేయమనడం తర్వాతి మెట్టు. అక్కడ అధ్యాపకుడు వినేవాడు; విద్యార్థి చెప్పేవాడు.

7. భూపాలపల్లి: గీతలు, హద్దులు

పేరు చూసి చుక్క పెట్టడం ఎంత ప్రమాదమో భూపాలపల్లి బాగా నేర్పుతుంది. కోటగుళ్ళు ఉన్న గణపురం, ఘనపూర్ (ములుగు) అన్న పేరుతోనూ వ్యవహారంలో ఉంది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపూర్ ఉంది. ‘ఘనపూర్’ అని వెదికితే పటం ఎటు తీసుకుపోతుందో చెప్పలేము. గూడూరు సంగతీ అంతే: మహబూబాబాద్ జిల్లాలో గూడూరు ఉంది, చిన్నగూడూరు ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద రైల్వే జంక్షన్ ఉన్న గూడూరూ ఉంది. శాసనంలోనో కావ్యంలోనో పేరు కనిపించగానే నేటి ఊరికి ముడివేయకూడదన్న పరిశోధనాసూత్రాన్ని ఉపన్యాసంగా చెప్పడం కన్నా ఈ వెదుకులాట ద్వారా నేర్పడం సులభం.

హద్దులూ కదులుతాయి. 2016 అక్టోబర్ 11న ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. అంతకు ముందు కాళేశ్వరం కరీంనగర్ జిల్లాలోది. గార్ల, బయ్యారం ఖమ్మం జిల్లాలోవి. మేడారం, రామప్ప గుడి ఉన్న పాలంపేట 2016 వరకు వరంగల్ జిల్లాలో, ఆ తర్వాత భూపాలపల్లి జిల్లాలో, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు జిల్లాలో ఉన్నాయి. మూడేళ్ళ వ్యవధిలో మూడు జిల్లాల పేర్లు మారిన స్థలానికి ‘ఏ జిల్లా సాహిత్యం’ అన్న ప్రశ్న ఎంత బలహీనమో చెప్పనక్కరలేదు. జిల్లా సాహిత్య చరిత్రలు రాస్తున్న పరిశోధకులకూ ఈ హెచ్చరిక పనికివస్తుంది.

మేడారం జాతర ఈ ఇబ్బందిని మరో వైపు నుంచి చూపుతుంది. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు వస్తారు. పూనుగొండ్ల నేడు మహబూబాబాద్ జిల్లా. తక్కినవి ములుగు జిల్లా. రెండేళ్ళకొకసారి పగిడిద్దరాజును తీసుకొని పూజారులు, బంధుజనం అడవి దారిన నడిచే నడకను జిల్లా హద్దు ఆపదు. ఈ మౌఖిక కథకు ఆధారం చుక్కలు కావు, వాటి మధ్య నడక. కథ చెప్పడం, దేవుణ్ణి తీసుకురావడం, దారి గుర్తుపెట్టుకోవడం ఇక్కడ ఒకే పని. డిజిటల్ పటంలో దీనిని గీతగా గీయాలి. ఆ గీతకు వ్యాఖ్య నడిచినవారి మాటల్లో ఉండాలి.

గీయకూడనిదీ ఉంది. చిలుకలగుట్ట మీదికి సంప్రదాయం ప్రకారం వడ్డెలకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. ఆకాశం నుంచి తీసిన చిత్రానికి ఆ నియమం వర్తించదు. ఎవరైనా ఎంత దగ్గరికైనా పెంచి చూడవచ్చు. గుట్ట మీది స్థలాన్ని కచ్చితంగా గుర్తించి ప్రకటించడం సాంకేతికంగా సాధ్యమైనంత మాత్రాన సాహిత్య విద్యార్థికి అది కర్తవ్యం కాదు. కథ చెప్పేవారు చెప్పకుండా ఉంచినదాన్ని పటం కూడా చెప్పకుండా ఉంచడం మౌఖిక సాహిత్య పరిశోధనలో మర్యాద. ఈ సంయమనాన్ని నేర్పని సాంకేతిక శిక్షణ అసంపూర్ణం.

8. పరిమితులు

ఈ పద్ధతికి కొన్ని ఇబ్బందులు తప్పవు. అటవీ గ్రామాలలో ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. అందరి దగ్గరా ఫోను ఉండదు. కాగితం పట్టికను ముందు ఉంచడానికి ఇదీ ఒక కారణం: పట్టిక బృందంగా తయారైతే, తెర మీదికి ఎక్కించడం ఒక్కరి ఫోనులోనైనా పూర్తవుతుంది. ఉచిత సేవలు ఎప్పుడైనా నిలిచిపోవచ్చు కనుక, ఏడాది చివర పట్టికనూ పటం ఫైలునూ శాఖ తన దగ్గర భద్రపరచుకోవాలి.

కాలం మరొక ఇబ్బంది. ఒక్క అవతారికకు నాలుగు తరగతులు పడితే పాఠ్యప్రణాళిక పూర్తి కాదన్న ఆందోళన న్యాయమైనదే. అన్ని పాఠాలకూ పటం అక్కరలేదు. సెమిస్టరుకు ఒక్క పాఠాన్ని, అదీ స్థలం విషయంలో సందిగ్ధత ఉన్నదాన్ని ఎంచుకొంటే సరిపోతుంది. మూల్యాంకనంలో పటం అందానికి మార్కులు ఇవ్వరాదు. ఆధారం, నిశ్చయత గళ్ళలోని రాతకు ఇవ్వాలి. చుక్క పెట్టలేనని రాసి, కారణం సమర్థించిన విద్యార్థికి పూర్తి మార్కులు రాగలగాలి. లేకపోతే తరగతి మళ్ళీ చుక్కల పోటీగా మారుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం స్థలాభిమానం. పటం వాదానికి ఆయుధంగా సులువుగా మారుతుంది. తెర మీద చుక్క కనిపిస్తే నిజమైపోయినట్టు తోస్తుంది. వాల్మీకి పేరుతో ముడిపడిన వల్మిడి, పాండవుల పేరుతో పిలిచే రేగొండ ప్రాంతపు గుట్టలు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. ఇతిహాసాన్ని తమ నేల మీదికి తెచ్చుకొన్న ప్రజల ఊహ అధ్యయనానికి విలువైనది. దానికి చివరి గడిలో గౌరవమైన చోటుంది. ‘సంప్రదాయం’ అన్న ఆ మాటను చెరిపి ‘నిశ్చితం’ అని రాయడం మాత్రం విశ్వాసానికీ, పరిశోధనకూ కూడా మేలు చేయదు.

9. ముగింపు

సాహిత్య బోధనలో డిజిటల్ పటం పని మూడు దశల్లో తేలుతుంది. అది ముందుగా మూలంలోని స్థలవాచకాన్ని విడిగా చూడమంటుంది. తరువాత ఆ వాచకానికి ఆధారం అడుగుతుంది. ఆధారం చాలని చోట ఆ సంగతిని దాచకుండా రాయమంటుంది. మొదటి దశను ఏ సాఫ్ట్‌వేర్ శిక్షణలోనైనా నేర్చుకోవచ్చు. తక్కిన రెంటినీ నేర్పవలసింది తెలుగు శాఖే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థుల విషయంలో ఇందులో మరొక అంశం ఇమిడి ఉంది. తమ ఊళ్ళు సాహిత్య చరిత్రలో ఉన్నాయని వారికి ఎవరైనా చెప్పవచ్చు. గోదావరిని గంగ అనే ఇంటి వాడుక, అడవి చెట్ల పేర్లు, తండా పాట, జాతర నడక కావ్యాన్ని, కథను అర్థం చేసుకోవడానికి ఆధారాలు కాగలవని వారు తామే కనుగొనడం వేరు. పటం ఆ అవకాశాన్ని తెస్తుంది. ఆ ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయో తూచి చూపడం అధ్యాపకుని వంతు.